మందు మిఠాయిగా మారిన ఊరు

గొంతు గరగరలాడితే అతిమధురం ముక్కను బుగ్గన పెట్టుకోవడం మనకు అలవాటే. అదే వేరు ఇంగ్లండ్‌లో పిల్లలు ఎగబడి తినే మిఠాయి అయింది. ఆ కథలో నాకు బాగా ఇష్టమైన ఊరు యార్క్‌షైర్‌లోని పాంటిఫ్రాక్ట్.

అతిమధురం చిక్కుడు కుటుంబపు మొక్క. మధ్యధరా ప్రాంతం, పశ్చిమాసియా దాని సొంత గడ్డ. వేళ్ళు మీటరుకు పైగా లోతుకు దిగుతాయి, కోతకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది. పాంటిఫ్రాక్ట్‌లోని లోతైన ఇసుక నేల దానికి బాగా పడింది. వేళ్ళను ఉడికించి, ఆ రసాన్ని నల్లటి ముద్ద అయ్యేదాకా మరిగించి, దగ్గుకూ కడుపునొప్పికీ మందుగా అమ్మేవారు. 1760లో జార్జ్ డన్‌హిల్ అనే మందుల వ్యాపారి అందులో చక్కెర కలిపాడని ఊరి చరిత్ర చెబుతుంది. మందు మిఠాయి అయింది అక్కడే.

ఆ నల్ల బిళ్ళలను చాలాకాలం ఆడవాళ్ళు చేత్తోనే చేసేవారు. చిన్న ముద్ద తీసి, బల్ల మీద పెట్టి, కోట బొమ్మ ఉన్న ముద్రతో ఒక్క నొక్కు. చెయ్యి తిరిగినవాళ్ళు రోజుకు 30 వేల దాకా చేసేవారట! 1872 ఆగస్టు 15న బ్రిటన్‌లో తొలి రహస్య బ్యాలెట్ పార్లమెంటు ఎన్నిక ఈ ఊళ్ళోనే జరిగింది. ఆ బ్యాలెట్ పెట్టె లక్క మీద వేసిన ముద్ర కూడా మిఠాయి ఫ్యాక్టరీదే. ఆ పెట్టెను ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో చూడొచ్చు.

ఈ వేరు తీపికి కారణం గ్లైసిరైజిన్. పంచదార కన్నా 30 నుంచి 50 రెట్లు తియ్యన. నాలుకకు ఆలస్యంగా తగులుతుంది, ఓ పట్టాన వదలదు. చిక్కల్లా కూడా దానితోనే. మన ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. అది కిడ్నీల మీద పనిచేయకుండా ఒక ఎంజైమ్ అక్కడే దాన్ని నిర్వీర్యం చేస్తుంది. గ్లైసిరైజిన్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. దాంతో ఉప్పు, నీరు ఒంట్లో నిలిచిపోతాయి, పొటాషియం మూత్రంలో పోతుంది, బీపీ పెరుగుతుంది. 40 ఏళ్ళు దాటినవారు రోజుకు సుమారు 57 గ్రాముల నల్ల లికొరిస్ (అతిమధురం) మిఠాయిని రెండు వారాలపాటు తింటే గుండె లయ తప్పి ఆసుపత్రి పాలు కావచ్చని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

గొంతు కోసం అప్పుడప్పుడు ఓ ముక్క నమిలితే టెన్షన్ అక్కర్లేదు. కానీ బీపీకి నీరు పోయే మాత్రలు వేసుకునేవారిలో పొటాషియం ఇంకా త్వరగా పడిపోతుంది. రోజూ అతిమధురం పొడి వాడే అలవాటుంటే వాళ్ళు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. గ్లైసిరైజిన్ తీసేసిన అతిమధురం మాత్రలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి.