ఆవు మీద పన్నా, త్రేన్పు మీద పన్నా?

చిరంజీవులకు,

ఆవులకూ గొర్రెలకూ పన్ను వేస్తారట, రైతులు ట్రాక్టర్లతో రోడ్డెక్కారట అని వార్త వచ్చినప్పుడల్లా చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. అది నవ్వి ఊరుకునే సంగతి కాదు. పశువులు వదిలే వాయువు వల్ల భూమి వేడెక్కుతున్న మాట నిజం. రైతుల అభ్యంతరాల్లో కొన్ని గట్టివి, కొన్ని తేలిపోయేవి. ఏవి ఎలాంటివో తెలియాలంటే ముందు ఆవు పొట్టలో ఏం జరుగుతుందో చూడాలి.

ఆవు, గేదె, గొర్రె, మేక నెమరువేసే జంతువులు. వీటి పొట్టలో మొదటి గది చాలా పెద్దది. ఎదిగిన ఆవుకైతే నూరు లీటర్లకు పైనే పడుతుంది. అందులో ఉండే సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును పులియబెట్టి అరిగిస్తాయి. ఆ పులిసేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. అది పేరుకుపోతే పులియడమే మందగిస్తుంది. అందుకని మరో రకం సూక్ష్మజీవులు దాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్‌గా మార్చేస్తాయి. ఆవు దాన్ని త్రేన్చి బయటికి వదులుతుంది. వెనకనుంచి పోయేది చాలా తక్కువ. ఈ విషయం మీద పత్రికల్లో వచ్చే జోకులన్నీ ఆవు నోటిని వదిలేసి తోకవైపు చూసి పుట్టినవే.

తిన్న మేతలోని శక్తిలో నూటికి ఆరు పాళ్ళ వరకు ఇలా గాలిలో కలిసిపోతుంది. పాడి ఆవు ఏడాదికి సుమారు 100 కిలోల మీథేన్ వదులుతుంది. పాలెక్కువ ఇచ్చే పెద్ద జాతులు ఇంకా ఎక్కువ. నూరేళ్ళ లెక్కన చూస్తే ఒక కిలో మీథేన్ 28 కిలోల కార్బన్ డయాక్సైడ్ చేసినంత వేడి చేస్తుంది. గాలాడని పేడగుంటల్లోనూ మీథేన్ పుడుతుంది. పేడ, మూత్రం, ఎరువు పడిన నేలనుంచి నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది, అది మీథేన్ కంటే కూడా ఎక్కువ వేడి చేస్తుంది. మేత పండించడం నుంచి అన్నీ కలిపి, మనుషుల పనుల వల్ల వెలువడి భూమిని వేడెక్కించే వాయువుల్లో సుమారు 12 శాతం పశుపోషణవేనని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2023లో లెక్కగట్టింది.

ఇక్కడ రైతులు ఒక మాట అంటారు: "కారు పొగలోని కార్బన్ భూగర్భంలోంచి తవ్వి తీసింది. మా ఆవు వదిలేది నిన్న గడ్డి గాలిలోంచి పీల్చుకున్నదే. రెండూ ఒకటెలా అవుతాయి?" ఇందులో సగం నిజముంది. మీథేన్ గాలిలో పన్నెండేళ్ళ ప్రాంతం ఉండి విరిగిపోతుంది. కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగం వందల ఏళ్ళు ఉండిపోతుంది. అడుగున కన్నమున్న తొట్టిలో కుళాయి నీళ్ళు పడుతున్నాయనుకోండి. కుళాయి ధార మారకపోతే నీటిమట్టం ఒకచోట నిలుస్తుంది. మంద ఎన్నో ఏళ్ళుగా పెరగకపోతే దాని మీథేన్ పోగూ అలాగే నిలుస్తుంది, కొత్తగా పెద్దగా పెరగదు. కానీ నిలిచిన ఆ మట్టమే భూమిని వేడిగా ఉంచుతోందన్నది మిగతా సగం. పైగా ధార తగ్గిస్తే మట్టం త్వరగా దిగుతుంది. మీథేన్ మీద ప్రభుత్వాల కళ్ళు పడ్డది అందుకే. రైతుల వాదనలో కొంత బలముంది కాబట్టే న్యూజిలాండ్ 2019 చట్టంలో పశువుల మీథేన్‌కు విడిగా లక్ష్యం పెట్టింది.

ఇక పన్ను సంగతి. అందరూ ఎంత అని అడుగుతారు. నన్నడిగితే దేని మీద అన్నది ముందు అడగాల్సిన ప్రశ్న. తల లెక్కన వేస్తే, పొదుపుగా పెంచే రైతూ ఏమీ పట్టించుకోని రైతూ ఒకటే కడతారు. కష్టపడి వాయువు తగ్గించినవాడికి ఒక్క పైసా మిగలకపోతే అది జరిమానా అవుతుందే తప్ప దారి మార్చే పన్ను కాదు. అలాగని ప్రతి ఆవు త్రేన్పునూ కొలవడం కుదరదు. వచ్చే గాలినీ పోయే గాలినీ లెక్కగట్టే మూసిన గదిలో ఆవును ఉంచి కొలుస్తారు గానీ అది పరిశోధనకు పనికొస్తుంది, మందకు కాదు. అందుకని పశువుల సంఖ్య, వయసు, మేత రకం, పాల దిగుబడి, పేడ నిలవచేసే పద్ధతి ఒక సూత్రంలో వేసి లెక్క తీస్తారు. సూత్రంలో లేని మంచి పని ఎంత చేసినా రైతుకు లెక్కలోకి రాదు. గొడవంతా ఈ సూత్రం దగ్గరే మొదలవుతుంది.

పశువుల వాయువు మీద పన్నును ఖాయం చేసిన మొదటి దేశం డెన్మార్క్. 2024 జూన్‌లో ప్రభుత్వం, రైతుల మండలి, ప్రకృతి పరిరక్షణ సంఘం ఒప్పందానికొచ్చాయి. నవంబరులో పార్లమెంటులో మెజారిటీ ఉన్న పార్టీలు దానికి ఒప్పుకున్నాయి. 2030 నుంచి టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన వాయువు మీద 300 క్రోనర్లు (డెన్మార్క్ డబ్బు), 2035కల్లా 750. అయితే ఆ రకం పశువు సగటు వాయువులో 60 శాతానికి మినహాయింపు. లెక్క చేసి చూడండి. ఆవుకు 5.6 టన్నులు అనుకుంటే 3.36 టన్నులు మినహాయింపు, మిగిలిన 2.24 టన్నులకు 300 చొప్పున 672 క్రోనర్లు.

"అలాంటప్పుడు టన్నుకు 120 అని నేరుగా వేస్తే సరిపోదా?" అని మీలో లెక్కలొచ్చిన పిల్లవాడు అడుగుతాడు. 5.6ను 120తో హెచ్చవేసినా 672 వస్తుంది కదా. ఇప్పుడు ఒక రైతు ఆవుకు ఒక టన్ను తగ్గించాడనుకోండి. 120 పద్ధతిలో కట్టేది 552, అంటే మిగిలింది 120. మినహాయింపు పద్ధతిలో 1.24 టన్నులకే పన్ను కాబట్టి కట్టేది 372, మిగిలింది 300. మినహాయింపు సగటును బట్టి స్థిరంగా ఉంటుంది గనుక, తగ్గించిన ప్రతి టన్నుకూ పూర్తి ధర మిగులుతుంది. భారం చిన్నది, ప్రోత్సాహం పెద్దది. ఇలాంటి పన్నుల్లో నేను చూసినవాటిలో ఇంత తెలివైన అమరిక లేదు. అయినా డెన్మార్క్ రైతులందరూ ఒప్పుకోలేదు. మండలి సంతకం పెట్టినా వేరే సంఘాలు ససేమిరా అన్నాయి.

తగ్గించాలంటే చేతిలో సాధనముండాలి. ఆ మీథేన్ తయారీలో చివరి అడుగును అడ్డుకునే పొడి ఒకటుంది, ఐరోపాలో 2022లో అనుమతి వచ్చింది. కిలో ఎండుమేతకు 60 మిల్లీగ్రాముల ప్రాంతంలో కలుపుతారు. 20 కిలోల ఎండుమేత తినే ఆవుకు రోజుకు గ్రామున్నర కూడా పట్టదు. మీథేన్ సుమారు 30 శాతం తగ్గుతుంది. చిక్కేమిటంటే ఆ పొడి పొట్టలో కొన్ని గంటల్లోనే విరిగిపోతుంది, కాబట్టి తినే ప్రతి ముద్దలోనూ ఉండాలి. కొట్టంలో యంత్రంతో కలిపిన మేత పెట్టేచోట ఇది సులువు. ఏడాది పొడుగునా బీట్లో మేసే ఆవుకు ఎలా పెడతారు? పాలు పిండేటప్పుడు రెండుపూటలా పెడితే మధ్యాహ్నానికే దాని పని అయిపోతుంది. ఒకే ధర పన్ను, ఒకరి దగ్గర మందుంది, మరొకరి దగ్గర లేదు.

న్యూజిలాండ్ రైతుల కోపానికి ఇదొక మూలం. ఆ దేశపు వాయువుల్లో సగం వ్యవసాయానివే, అక్కడ పశువులు చాలావరకు బీట్లోనే మేస్తాయి. 2003లో పరిశోధన ఖర్చుకోసం చిన్న సుంకం వేద్దామంటేనే షేన్ ఆర్డెర్న్ అనే ఎంపీ ట్రాక్టరును పార్లమెంటు మెట్లెక్కించాడు. ఆ సుంకం ఆగిపోయింది. 2022 అక్టోబరులో అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ ప్రభుత్వం 2025 నుంచి పొలం స్థాయిలో వాయువుకు ధర వేస్తామంది. గొర్రెల, మాంసపు పశువుల పెంపకం 2030కల్లా 20 శాతం దాకా తగ్గవచ్చని ప్రభుత్వం వేసిన అంచనాలోనే ఉంది. కొండవాలు రైతు ఆదాయం పలచన, పశువు నిదానంగా పెరుగుతుంది, కిలో మాంసానికి మీథేన్ ఎక్కువ. దెబ్బ అతనికే ఎక్కువ. ఆ నేలలో వేరే పంటా పండదు. పొలం గట్ల మీద, వాగుల ఒడ్డున పెంచిన చెట్లకు తగినంత విలువ కట్టలేదన్నది ఇంకో ఫిర్యాదు. అన్నిటికంటే పెద్ద భయం, గొర్రెల పొలాలు కొని కార్బన్ క్రెడిట్ల కోసం, అంటే చెట్లు పీల్చుకున్న కార్బన్‌కు దక్కే, అమ్ముకోగలిగే హక్కుల కోసం, పైన్ తోటలు వేస్తారని. 2024లో కొత్త ప్రభుత్వం వ్యవసాయాన్ని వాయువుల ధర పథకం నుంచి తీసేసింది. 2025 అక్టోబరులో మీథేన్ పన్ను లేదని తేల్చేసింది.

"మేం మంద తగ్గిస్తే మరో దేశం పెంచుకుంటుంది" అన్న వాదన ఊరికే కొట్టిపారేసేది కాదు. న్యూజిలాండ్ పాల ఉత్పత్తుల్లో అత్యధిక భాగం ఎగుమతికే పోతుంది, కొనేవాళ్ళ ఆకలి పన్నుతో తగ్గదు. దిగుమతి సరుకు మీద సమానమైన సుంకం దీనికి మందు. ఐరోపా సమాఖ్య అలాంటిది ఉక్కు, సిమెంటు, ఎరువుల వంటివాటికి పెట్టింది. మాంసం, పాలు అందులో లేవు. ఇక "పన్నును ధరలో కలుపుకోండి" అని సలహా ఇచ్చేవాళ్ళకు డెయిరీ ధర ఎవరు నిర్ణయిస్తారో తెలియదనుకోవాలి. రైతు ధర చెప్పడు, చెప్పిన ధరకు పోస్తాడు.

మరి పన్నును రైతు దగ్గర కాకుండా మాంసం కొట్టు దగ్గర వేస్తే? వసూలు సులువు, దిగుమతి మాంసానికీ పడుతుంది. కానీ కిలోకు ఇంత అని వేస్తే కోడి, గొర్రె, ఎద్దు ఒకే గాటన పడతాయి, కోడి నెమరే వేయకపోయినా. పాలు ఒట్టిపోయిన ఆవు మాంసానికీ, మాంసం కోసమే పెంచిన పశువు మాంసానికీ తేడా ఉండదు. మొదటిదాని వాయువులో ఎక్కువ భాగం అది ఇచ్చిన పాల లెక్కలోకి పోతుంది. బాగా పెంచినవాడికి దక్కేదేమీ లేదు.

అయినా ఇలాంటి దానికి రైతులు తలూపిన సందర్భం ఉంది. జర్మనీలో 2020లో ఒక నిపుణుల సంఘం కిలో మాంసానికి 40 యూరో సెంట్లు వేయమంది. అది వాతావరణం కోసం కాదు, పశువులకు మెరుగైన కొట్టాల కోసం. వచ్చిన డబ్బు కొట్టాలు మార్చుకునే రైతులకే ఇవ్వాలన్నది ఆ సలహా, అందుకే అక్కడి రైతు సంఘం కాదనలేదు. డెన్మార్క్ కూడా 2030, 2031 రాబడిని ఆ రంగం మారడానికే తిరిగి ఇస్తానంది. కొట్టం కట్టడానికి తెచ్చిన అప్పు ఇరవై, ముప్పై ఏళ్ళు తీరదు, ఆ రైతుకు రెండేళ్ళ సాయం ఏ మూలకు వస్తుందన్నది అక్కడి రైతులతో ఇంకా తేలని బేరం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య