జీన్ టెస్ట్ నార్మల్ అయితే మళ్ళీ కొలనోస్కోపీ అక్కర్లేదా? పాలిప్స్ మీద అపోహలు - వాస్తవాలు

అపోహ: జీన్ టెస్టులో ఏమీ లేదు, కాబట్టి పాలిప్ (పెద్దపేగు లోపలి పొర మీద పెరిగే బుడిపె) మళ్ళీ రాదు.

ముందు దీని సంగతే తేల్చాలి, మిగతా అపోహలతో డబ్బులు పోతాయి, దీంతో మనుషులే పోతున్నారు. నెల్లూరు పొగతోటలో ఓపీ చూస్తుంటా. పాలిప్ తీయించుకున్నవాళ్ళు ఫైల్లో అన్నిటికన్నా పైన ఈ రిపోర్ట్ పెట్టుకుని వచ్చి "ఏం లేదని వచ్చింది కదా సార్, ఇంక ఆ పైపు పరీక్ష ఎందుకు" అంటారు. పైపు పరీక్ష అంటే కొలనోస్కోపీ, కెమెరా ఉన్న సన్నటి పైపుతో పెద్దపేగు లోపల చూడటం. ఎవరు చెప్పారయ్యా అంటే వాట్సాప్‌లో చూశామనో, శాంపిల్ తీసుకెళ్ళినతను అన్నాడనో చెప్తారు.

వాస్తవం: రక్తంతో చేసే ఆ టెస్టు చూసేది పుట్టుకతో వచ్చిన జీన్స్‌ని. ఏపీసీ, ఎంయూటీవైహెచ్, లించ్ సిండ్రోమ్ (వంశంలో పెద్దపేగు క్యాన్సర్ రిస్క్ పెంచే జబ్బు) జీన్స్ ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 లాంటివి. పెద్దపేగు క్యాన్సర్లలో ఈ వంశపారంపర్య సిండ్రోమ్‌ల వాటా సుమారు 5 శాతమే. మిగతావాటిలో చాలావరకు వయసు పెరిగేకొద్దీ పేగు పొరలో ఏదో ఒక కణంలో ఏపీసీ జీన్ దెబ్బతిని అడినోమా (క్యాన్సర్‌గా మారగల రకం పాలిప్) మొదలవుద్ది, తర్వాత కేరాస్ జీన్, ఆ తర్వాత టీపీ53 జీన్, ఇట్లా ఒకదాని మీద ఒకటి చేరుకుంటా క్యాన్సర్ దాకా పోద్ది, ఇది ఫియరాన్, వోగెల్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలు 1990లోనే రాశారు. ఆ మార్పులు ఆ పాలిప్‌లోనే ఉంటాయి, చేతికి సూది గుచ్చి తీసిన రక్తంలో ఈ టెస్టుకి దొరకవు. విత్తనం మంచిదైతే చేనుకి ఇంకెప్పుడూ తెగులు రాదని మన రైతు ఎవరన్నా అంటాడా?

మరి మళ్ళీ వస్తుందని ముందే చెప్పే మార్కర్లు లేవా అని చదువుకున్న పిల్లలు అడుగుతారు. పరిశోధన జరుగుతోంది, చిన్న చిన్న జన్యు తేడాలు బోలెడు కలిపి స్కోర్లు కడుతున్నారు. కానీ ఒక్కో తేడా పెంచే రిస్క్ చాలా కొంచెం, ఆ స్కోరు చూసి కొలనోస్కోపీ డేట్ మార్చమని మేం పాటించే గైడ్‌లైన్స్ చెప్పట్లేదు. ఇవాళ్టికి మాకు దారి చూపించేవి పాలిప్ తీసినప్పుడు ఇచ్చే రెండు కాయితాలు, కొలనోస్కోపీ రిపోర్టు, బయాప్సీ రిపోర్టు. ఎన్ని ఉన్నాయి, ఎంత సైజు, ట్యూబులరా విల్లసా (మైక్రోస్కోప్‌లో కనపడే రకాలు, విల్లస్‌కి రిస్క్ ఎక్కువ), హై గ్రేడ్ డిస్‌ప్లాసియా (కణాలు క్యాన్సర్‌కి దగ్గరగా మారడం) ఉందా, మొత్తం వచ్చిందా, ఆ రోజు పేగు శుభ్రంగా ఉందా, ఇవి చూస్తాం. 2020 అమెరికా మల్టీ సొసైటీ గైడ్‌లైన్ ప్రకారం 10 మిల్లీమీటర్ల లోపు ట్యూబులర్ అడినోమాలు ఒకటో రెండో అయితే 7 నుంచి 10 ఏళ్ళకి, 10 మిల్లీమీటర్లు, అంతకన్నా పెద్దదైనా విల్లస్ అయినా హై గ్రేడ్ అయినా 3 ఏళ్ళకి, 20, అంతకన్నా పెద్దదాన్ని ముక్కలుగా తీస్తే 6 నెలలకే.

కావలి వైపు రొయ్యల చెరువులు చేసే ఒకాయనకి విల్లస్ పాలిప్ తీసి 3 ఏళ్ళకి రమ్మన్నా. ఈలోపు ఎవరో చెప్తే జీన్ ప్యానెల్ చేయించాడు, నార్మల్, ఇంక రాలేదు. రక్తం పడుతుంటే మొలలనుకుని నాటు మందు వాడాడు. చివరికి వచ్చేటప్పటికి సిగ్మాయిడ్ (పెద్దపేగు చివరి వంపు) దగ్గర స్కోప్ ముందుకు పోలేదు, అంత ఇరుకైపోయింది. వాళ్ళావిడ ప్లాస్టిక్ కవర్లోంచి ఆ జీన్ రిపోర్ట్ తీసి, మడతలు సరిచేసి నా టేబుల్ మీద పెట్టి "ఇందులో ఏం లేదనే ఉంది కదా సార్" అనింది. ఏం చెప్పాలి ఆమెకి?

జీన్ టెస్ట్ దండగని నేననట్లేదు. 10 కంటే ఎక్కువ అడినోమాలున్నా, 50 ఏళ్ళ లోపే క్యాన్సర్ వచ్చినా, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వచ్చినా తప్పకుండా చేయించాలి, అది కూడా ముందు జబ్బు వచ్చిన మనిషికి. అక్కడ మార్పు దొరికితే పిల్లలకి ఒక్కొక్కరికి 50 శాతం అవకాశం, ఎంయూటీవైహెచ్‌కి మాత్రం లెక్క వేరు. లించ్ అని తేలినా భయపడి కూర్చోవద్దు, చాలామందికి 20 - 25 ఏళ్ళ నుంచే ఏడాదికో రెండేళ్ళకో కొలనోస్కోపీ చేసుకుంటా పోతే పాలిప్ దశలోనే తీసెయ్యొచ్చు.

ఒంగోలు నుంచి ఒకమ్మాయి రిపోర్ట్‌లో 'వీయూఎస్' అని చూసి, సంబంధాలు చూస్తున్నారు సార్ అంటూ ఒకటే ఏడుపు. తల్లీ, అది జబ్బు కాదు, ఆ తేడా మంచిదో చెడ్డదో ల్యాబ్ తేల్చలేకపోయిందని అర్థం, తర్వాత తేలినవాటిలో ఎక్కువ భాగం హాని లేనివే. దాన్ని పట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోవద్దు, పెళ్ళి సంగతి అసలే వద్దు.

మిగతావి గబగబా చెప్తా. సీఈఏ అనే రక్తపరీక్ష నార్మల్ అంటే పాలిప్ లేదని కాదు, అది పాలిప్స్ కోసం చేసే టెస్టే కాదు. బయాప్సీ తీస్తే క్యాన్సర్ పాకుద్దనేది వట్టి పుకారు. శాకాహారులకీ పాలిప్స్ వస్తాయి. 40 దాటాక రక్తం పడితే మొలలని మీకు మీరే తేల్చుకోవద్దు.

మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారో మర్చిపోయినవాళ్ళు ఆ రెండు కాయితాలు వెతకండి. లేకపోతే తీసిన చోటికే పోయి పేరు, నెల చెప్పి కాపీ అడగండి, బయాప్సీ నంబరుంటే ల్యాబ్‌లో ఇంకా తేలిగ్గా దొరుకుద్ది. జీన్ రిపోర్ట్ కూడా తెండి, చూస్తాను, కానీ డేట్ ఇచ్చేది మాత్రం ఆ రెండు చూసే.