కొలతలు లేని చోట ఎండను లెక్కకట్టడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: దగ్గర్లో సౌర వికిరణం కొలిచే కేంద్రం లేకపోతే అంచనా కుదరదు.

వాస్తవం: కుదురుతుంది. పైరానోమీటర్ (సౌర వికిరణాన్ని, అంటే నేలకు చేరే ఎండ శక్తిని, కొలిచే పరికరం) లేని వాతావరణ కేంద్రాల్లోనూ ఎండ ఎన్ని గంటలు కాసిందో రాసిపెట్టిన పాత రికార్డులు దొరుకుతుంటాయి. క్యాంప్‌బెల్-స్టోక్స్ పరికరంలో గాజు గోళం ఎండను ఒక చోటికి చేర్చి, వెనకున్న అట్టను కాలుస్తూ పోతుంది. మబ్బు కమ్మితే ఆ గీత తెగిపోతుంది. కాలిన గీత పొడవే ఎండ గంటలు. ఆ గంటల నుంచి వికిరణం రాబట్టే సూత్రాన్ని 1924లో ఆంగ్‌స్ట్రోమ్ ఇచ్చారు, 1940లో ప్రెస్కాట్ సవరించారు. ఇప్పటికీ వాడుతున్నాం. అయితే అందులోని రెండు స్థిరాంకాలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. వేరే వాతావరణానికి తేల్చినవి ఎత్తుకొచ్చి పెడితే లెక్క తప్పుతుంది.

అపోహ: శాటిలైట్ డేటా ఉందిగా, నేల మీద కొలతలెందుకు?

వాస్తవం: నాకు ఎక్కువ టెన్షన్ పెట్టే మాట ఇదే. శాటిలైట్ నేలకు చేరిన ఎండను కొలవదు. మబ్బులూ నేలా వెనక్కి పంపిన వెలుతురును చూస్తుంది, మిగతాది మోడల్ లెక్క. దుమ్ము, పొగ, కొండలు ఉన్నచోట ఆ లెక్క గాడి తప్పుతుంది, సూటిగా పడే ఎండ విషయంలో మరీను. ఈఆర్ఏ5 లాంటి రీఎనాలిసిస్ డేటాలో (పాత పరిశీలనలను వాతావరణ మోడల్‌తో కలిపి, భూమిని గడులుగా విడగొట్టి లెక్కకట్టిన డేటా) ఒక్కో గడి వెడల్పు సుమారు 31 కిలోమీటర్లు. లోయా, కొండా ఒకే గడిలో పడిపోవచ్చు.

అందుకే సోలార్ ప్లాంట్ పెట్టాలనుకునే సైట్‌లో కనీసం ఏడాది కొలుస్తాం. అదే ఏడాది శాటిలైట్ విలువలతో పోల్చి, తేడా పట్టుకుని, పాత డేటా అంతటినీ సరిచేస్తాం. రెండు నెలల కొలత చాలదు, ఎందుకంటే వానాకాలంలో ఉండే తేడా ఎండాకాలంలో ఉండదు.

అపోహ: ఏడాది కొలత ఉంటే పాత డేటాతో పనిలేదు.

వాస్తవం: ఏ ఏడాదీ ఇంకో ఏడాదిలా ఉండదు. 1991లో పినటుబో అగ్నిపర్వతం పేలాక సూటి ఎండ చాలా దేశాల్లో తగ్గింది. ఆ మరుసటి ఏడాది మాత్రమే కొలిచినవాళ్ల అంచనా ఎలా ఉంటుందో ఊహించండి.

అపోహ: వేడి ఎక్కువుంటే కరెంటూ ఎక్కువే.

వాస్తవం: ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు. 25 డిగ్రీలు దాటాక సిలికాన్ ప్యానెల్ వేడెక్కే ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి సుమారు 0.3 నుంచి 0.5 శాతం పడిపోతుంది.

అపోహ: పరికరం బిగిస్తే పనైపోయినట్టే.

వాస్తవం: ఒక సైట్‌లో వారాల తరబడి గ్రాఫ్ మెల్లగా దిగుతూ వచ్చింది. మబ్బులే అనుకున్నాం. వెళ్లి చూస్తే పైరానోమీటర్ గాజు డోమ్ మీద సన్నని దుమ్ము పొర. మెత్తటి గుడ్డతో తుడవగానే రీడింగ్ ఒక్కసారిగా పైకి లేచింది. ఆ వారాల డేటా పక్కన పెట్టేశాం. అప్పటి నుంచి తుడిచిన ప్రతిసారీ తేదీ, సమయం, ముందూ వెనకా రీడింగులు రిజిస్టర్‌లో రాయిస్తున్నాను.