ఈత కొలనుకు ఏ రోబో: మధ్య రకమా, ఖరీదైనదా? అపోహలు - వాస్తవాలు

పన్నెండేళ్లుగా ఈత కొలనుల నిర్వహణ నా వృత్తి. ఒక వారం షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్ వైపు తిరుగుతాను, మరో వారం చౌటుప్పల్, నల్లగొండ, మిర్యాలగూడ వైపు. మొదట్లో ఈ దారుల్లో కొలను ఉన్న తోటలను వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లం. ఇప్పుడు నాలుగు మామిడి చెట్లున్న ప్రతిచోటా వాటి పక్కన 12 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు గొయ్యి తవ్వించి నీలం టైల్స్ అతికిస్తున్నారు. మొదటి ఎండాకాలం ఈదడంలో గడిచిపోతుంది. రెండో ఎండాకాలానికి అడుగున పేరుకున్న మట్టిని చూసి నాకు ఫోను చేస్తారు: "అన్నా, రోబో కొందామనుకుంటున్నాం. మధ్య రకం సరిపోతుందా, పెద్దదే తీసుకోమంటావా?"

నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. కొలనులో ఏ టైల్ వేశారు? చుట్టూ ఏ చెట్లున్నాయి? రోబో బుట్ట ఎవరు కడుగుతారు? మొదటి రెండింటికీ జవాబు వస్తుంది. మూడో ప్రశ్నకు అవతల కాసేపు మాట వినిపించదు.

యంత్రం సంగతి తెలియనివాళ్లకు రెండు మాటలు. నీళ్లలో తిరుగుతూ కొలను అడుగును, గోడలను శుభ్రం చేసే ఈ రోబోకు కొలను పంపుతో సంబంధం లేదు. దాని కడుపులోనే నీళ్లు పీల్చే మోటారు, చక్రాలు తిప్పే మోటారు, చెత్త పట్టే బుట్ట ఉంటాయి. గట్టు మీద ఉండే పవర్ బాక్స్ 230 వోల్టుల కరెంటును ఇంచుమించు 24 నుంచి 30 వోల్టులకు తగ్గించి కేబుల్ ద్వారా లోపలికి పంపుతుంది. మధ్య రకానికైనా ఖరీదైన రకానికైనా ఇంతవరకు తేడా లేదు. తేడా అంతా ఫిల్టర్‌లో, బ్రష్‌లో, దారి వెతుక్కునే తెలివిలో, కేబుల్ మెలిపడకుండా తిరిగే కీలులో, వారంటీలో ఉంటుంది. ఖరీదైన దాని ధర మధ్య రకానికి రెండింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ అదనపు డబ్బు మన దుమ్ముకు, మన నీళ్లకు పనికొస్తుందా అన్నదే అసలు విషయం.

అపోహ: ధర పెరిగితే శుభ్రం పెరుగుతుంది

కొలనులో ఏం పడుతుందో దాన్ని బట్టి ఉంటుంది. పాలమూరు వైపు చల్కా నేల, అంటే ఎర్ర ఇసుక నేల. మార్చి దాటాక సాయంత్రం గాలి లేస్తే ఎర్రటి సన్నని దుమ్ము అడుగున పొరలా పరుచుకుంటుంది. అదే రోజుల్లో వేప పూత రాలుతుంది. చింతచెట్టు ఉంటే మరీ కష్టం. చూడటానికి ముచ్చటగా ఉండే ఆ చిన్న ఆకులు ఏ జాలీకైనా అతుక్కుని దాన్ని మూసేస్తాయి. మిర్యాలగూడలో ఇంకో సమస్య. అక్కడ రైస్ మిల్లులకు దగ్గరలో ఉన్న కొలనుల్లో ఊక బూడిద వాలుతుంది. నీళ్లలో చేయి పెట్టి కదిపితే పొగలా లేచి, అరగంటకు మళ్లీ అడుగుకు చేరుతుంది.

మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి వెంట్రుక మందం ఇంచుమించు 70 మైక్రాన్లు. చాలా మధ్య రకం రోబోలతో వచ్చే మామూలు జాలీ 100 మైక్రాన్లు దాటిన వాటినే పట్టుకుంటుంది. ఆకులు, పూత, ఇసుక దానికి దొరుకుతాయి. సన్నని దుమ్ము, బూడిద ముందు నుంచి వెళ్లి వెనక నుంచి బయటపడతాయి. "రోబో రెండు గంటలు తిరిగింది, మట్టి మాత్రం అక్కడే ఉంది" అనే ఫిర్యాదులో పది సార్లలో ఎనిమిది సార్లు తప్పు ఈ జాలీదే. 50, 60 మైక్రాన్ల సన్న జాలీని విడిగా కొని బిగిస్తే అదే యంత్రం పనితీరు మారిపోతుంది.

ఇక్కడ ఖరీదైన యంత్రానికి ఒక నిజమైన మేలు ఉంది, దాచను. వాటిలో చాలావాటికి రెండు పొరల బుట్ట ఉంటుంది. లోపలి పెద్ద జాలీ ఆకులను ఆపితే, బయటి సన్న జాలీ దుమ్మును ఆపుతుంది. సన్న జాలీ ఒక్కటే ఉన్న యంత్రాన్ని చింతచెట్టు కింద దించితే ఇరవై నిమిషాల్లో మూసుకుపోయి, మిగతా గంటన్నర ఊరికే షికారు చేస్తుంది. అయినా దీనికి చవకైన విరుగుడు ఉంది. ముందు చేతి వలతో ఆకులు తీసి, ఆ తర్వాత సన్న జాలీతో రోబోను దించడమే. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు పెట్టే మనిషి ఉంటే మధ్య రకం చాలు, లేకపోతే రెండు పొరలదే కొనండి.

జూన్‌లో తొలి వానకు ఎర్రనీళ్లు కొలనులోకి జారితే మాత్రం ఏ రోబో మీదా ఆశ పెట్టుకోవద్దు. బంకమట్టి రేణువులు 2 మైక్రాన్ల లోపే ఉంటాయి. ఏ బుట్టా వాటిని ఆపలేదు.

అపోహ: నీళ్లు పచ్చబడితే పెద్ద రోబో చూసుకుంటుంది

చూసుకోదు. పచ్చదనం పాచి వల్ల వస్తుంది. పాచిని చంపేది క్లోరిన్. చచ్చిన పాచి కూడా సన్నని పొడిలా మారి జాలీలోంచి జారిపోతుంది. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య ఉంచుకుంటే రోబోకు పని సులువవుతుంది. పీహెచ్ పెరిగేకొద్దీ క్లోరిన్ పదును తగ్గుతుంది. అది తెలియక బ్లీచింగ్ పౌడరు డబ్బాలు ఖాళీ చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇంకో పొరపాటు పటికతో జరుగుతుంది. మనవాళ్లకు పటిక కొత్త కాదు. తాగునీటిలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లు తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. దానికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. కొలనులోనూ మురికి నీళ్లకు పటిక వేసి, రాత్రంతా కదపకుండా వదిలితే మడ్డి అడుగుకు దిగి పైనీళ్లు అద్దంలా ఉంటాయి. అప్పుడు ఉత్సాహంగా రోబోను దించుతారు! జిగురులాంటి ఆ మడ్డి బుట్టకు అంటుకుంటుంది, అంటుకోనిది మళ్లీ నీళ్లలో కలుస్తుంది. రాత్రంతా చేసిన పని గంటలో పాడవుతుంది. పటిక మడ్డిని మాన్యువల్ వాక్యూమ్‌తో పీల్చి, ఇసుక ఫిల్టర్‌కు కూడా పంపకుండా నేరుగా బయటి కాలువలోకి వదలాలి. ఆ నీళ్లు మామిడి చెట్లకు పెట్టవచ్చా అని అడుగుతుంటారు. క్లోరిన్ ఉన్న నీళ్లు, వద్దు.

అపోహ: గోడ ఎక్కే రోబోనే మంచి రోబో

నా అనుభవంలో ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఈ నమ్మకం దగ్గరే.

రోబో గోడ ఎక్కడం మోటారు బలం ఒక్కదానితో అయ్యే పని కాదు. బ్రష్‌కు, టైల్‌కు మధ్య పట్టు కుదరాలి. సిమెంటు పూత, ఫైబర్ కొలనులకు ప్లాస్టిక్ పళ్ల బ్రష్ బాగా పనిచేస్తుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించే గాజు మొజాయిక్, నునుపు సిరామిక్ టైల్స్ మీద అదే బ్రష్ జారుతుంది. వాటికి తడిస్తే మెత్తబడే స్పాంజి లాంటి ఫోమ్ బ్రష్ కావాలి. నల్లగొండ దగ్గర ఒక తోటలో కొత్త ఖరీదైన యంత్రం గోడ సగం ఎక్కి వెల్లకిలా పడుతోందని పిలిచారు. అమ్మినవాళ్లు యంత్రాన్నే మార్చాలని చెప్పారట. నేను బ్రష్‌లు మార్పించాను, ఎక్కింది. టైల్స్ మీద కంటికి కనిపించని పాచి జిగురు ఉన్నా జారుతుంది కాబట్టి, ముందు గోడను వేలితో రుద్ది చూడండి.

నీటి అంచు దగ్గర కనిపించే తెల్ల చార సంగతి వేరు. ఈ ప్రాంతపు బోరు నీళ్లు కఠినం. నీళ్లు ఆవిరైనకొద్దీ సున్నం గారలా టైల్స్‌కు పడుతుంది. కొలను నీటిలో కాల్షియం కాఠిన్యం 200 నుంచి 400 పీపీఎం ఉంటే మేలంటారు. ఇక్కడ బోరులోంచి వచ్చే నీళ్లే ఆ హద్దు దాటి ఉండటం నేను తరచూ చూస్తాను. అంచు రుద్దే సౌకర్యం ఉందని ఖరీదైన రోబో కొంటారు. అది చర్మపు జిడ్డును, సన్‌స్క్రీన్ మరకను రుద్దుతుంది, నిజమే. గట్టిపడిన గారను ఏ రోబో బ్రష్ కూడా కదిలించలేదు. దానికి పలచని యాసిడ్, చేతి తొడుగులు, పని తెలిసిన మనిషి కావాలి. "ఫ్లోరైడ్ నీళ్లకు రోబో పాడవుతుందా" అనే ప్రశ్న కూడా వస్తుంటుంది. ఫ్లోరైడ్ బాధ తాగేవాళ్లకు. యంత్రానికి శత్రువు ఈ గారే.

మీది నాలుగు వైపులా నీళ్లు పొర్లే ఓవర్‌ఫ్లో కొలను అయితే అంచున జిడ్డు నిలవదు. అంచు రుద్దే సౌకర్యానికి డబ్బు పెట్టనక్కర్లేదు.

అపోహ: యాప్ ఉంటే ఎక్కడినుంచైనా నడపవచ్చు

నేను చేసిన తప్పే చెబుతాను. షాద్‌నగర్ దగ్గర ఒక తోట యజమాని హైదరాబాద్‌లో ఉంటారు. ఆయనకు యాప్ ఉన్న పై శ్రేణి యంత్రం ఇప్పించాను. ఆయన ఫోనులో మీట నొక్కితే రోబో తిరగాలి. కానీ దాన్ని నీళ్లలో దించాల్సింది కాపలా ఉండే పెద్దాయన. ఆయన దగ్గర ఉన్నది మీటల ఫోను, తోటలో వైఫై లేదు. ఏడాది తర్వాత చూస్తే యాప్‌ను ఒక్కసారి కూడా వాడలేదు, పవర్ బాక్స్ మీది బటన్‌తోనే పని నడుస్తోంది. ఆ బటన్ మధ్య రకానికి కూడా ఉంటుంది.

అపోహ: వైరు లేనిదైతే గొడవే ఉండదు

ఉంటుంది, కాకపోతే రెండు మూడేళ్ల తర్వాత మొదలవుతుంది. లిథియం బ్యాటరీకి వేడి పడదు. మే నెలలో ఎండకు కాగే రేకుల షెడ్డులో దాన్ని ఛార్జింగ్‌కు పెడితే ఆయుష్షు తొందరగా తగ్గుతుంది. చల్లని గది ఉండి, చిన్న కొలను అయితే కొనండి. రోజూ నడపాల్సిన కొలనుకు నేను వైరు ఉన్నదే సూచిస్తాను.

అపోహ: రోబో ఉంటే పంపు ఆపేయవచ్చు

ఆపకూడదు. నీళ్లు తిరగాలి, క్లోరిన్ అన్ని మూలలకూ చేరాలి. ఇంటి కొలనులో మొత్తం నీళ్లు ఆరు నుంచి ఎనిమిది గంటల్లో ఒకసారి ఫిల్టర్ గుండా తిరగాలన్నది మా లెక్క. కరెంటు భయం మాత్రం అక్కర్లేదు. 150 వాట్ల రోబో రెండు గంటలు తిరిగితే 0.3 యూనిట్. ఒక హెచ్‌పీ పంపు ఎనిమిది గంటలకు ఆరు యూనిట్ల పైనే తింటుంది.

అపోహ: వారంటీ ఎక్కువ కాబట్టి ఖరీదైనదే క్షేమం

ఖరీదైన వాటికి సాధారణంగా ఒకటి రెండేళ్లు అదనంగా ఇస్తారు. దేనికి ఇస్తున్నారో చదవండి. పిడుగుకు, వోల్టేజీ హెచ్చుతగ్గులకు కాలిన పవర్ బాక్స్‌ను చాలా వారంటీలు ఒప్పుకోవు. మన తోటల్లో ముందుగా పోయేది అదే. గాలివాన వస్తోందని తెలిస్తే ప్లగ్గు తీసేయడం అన్నిటికన్నా చవకైన వారంటీ. స్టెబిలైజర్, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరి. పవర్ బాక్స్‌ను కొలనుకు కనీసం మూడు మీటర్ల దూరంలో నీడలో పెట్టాలి. కేబుల్‌ను గరుకు తాండూరు బండ అంచు మీద రోజూ ఈడిస్తే పైతొడుగు అరిగిపోతుంది, దానికీ వారంటీ రాదు. బ్రష్‌లు, బెల్టులు ఎటూ అరిగేవే. అందుకే కొనేముందు దుకాణంలో నేను అడిగించే ప్రశ్న ఒకటే: ఈ నమూనాకు బ్రష్‌లు, బెల్టులు హైదరాబాద్‌లో ఇప్పుడు నిల్వ ఉన్నాయా? "తెప్పిస్తాం" అన్నారంటే నెలలు పట్టవచ్చని అర్థం.

అపోహ: రిసార్టుకైనా ఇంటికైనా అదే రోబో

ఇక్కడ మాత్రం పొదుపు పనికిరాదు. తోట కొలనులో వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు నడిపితే ఏడాదికి 208 గంటలు. రిసార్టులో రోజూ నడిపితే 730. తోటలో మూడున్నరేళ్లలో జరిగే అరుగుదల అక్కడ ఏడాదిలో జరుగుతుంది. పైగా ఇంటి వాడకపు యంత్రాన్ని వ్యాపారానికి వాడితే వారంటీ చెల్లదని చాలా కంపెనీలు ముందే రాసిపెడతాయి. 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు, సగటున నాలుగున్నర అడుగుల లోతు ఉంటే లక్ష లీటర్ల పైమాటే. అలాంటి కొలనుకు పొడవైన కేబుల్, మెలిపడని కీలు, దిశ తెలుసుకునే గైరోస్కోప్, పెద్ద బుట్ట అన్నీ అవసరమే. అక్కడ పై శ్రేణి కొనండి. 12, 24 అడుగుల చిన్న కొలనులో రోబో గుడ్డిగా తిరిగినా రెండు గంటల్లో ప్రతి మూలనూ తాకి వస్తుంది.

ఇప్పుడు నేను రోబోను అప్పగించే రోజున యజమాని ఎదురుగా ఉన్నా, చెప్పేది అక్కడ రోజూ పనిచేసేవాళ్లకే. కేబుల్ పట్టి లాగవద్దని, పిడి పట్టి గట్టుకు ఆనించి నీళ్లు కారనిచ్చి ఎత్తాలని, నీళ్లు లేనిచోట మీట నొక్కవద్దని, వాడాక లోపలే వదిలేయకుండా నీడలో పెట్టాలని చేయించి చూపిస్తాను. జడ్చర్ల దగ్గర ఒక తోటలో ఈ పని చూసే అమ్మ రోబో ఆగగానే బుట్ట విప్పి, పైపు నీళ్లతో జాలీని రెండు వైపులా కడిగి, బట్టల దండెం మీద క్లిప్పు పెట్టి ఆరేస్తుంది. ఆ మధ్య రకం యంత్రానికి ఇది ఐదో ఏడు. ఇంతవరకు బ్రష్‌లు ఒకసారి మార్చాం. మొన్న వెళ్లినప్పుడు బెల్టు కాస్త వదులైందని ఆమే చెప్పింది. నిజంగానే వదులైంది.