నల్లటి ప్లాస్టిక్‌పై తెల్లటి మైనం

కారుకు మైనపు పాలిష్ పట్టించి, ఆరిన తరువాత గుడ్డతో తుడిస్తే రంగు వేసిన రేకు తళతళలాడుతుంది. దాని పక్కనే ఉన్న నల్లటి బంపర్ అంచు మీద, తలుపు పిడి చుట్టూ, కారు పేరు తెలిపే అక్షరాల సందుల్లో మాత్రం తెల్లటి చారలు నిలిచిపోతాయి. నీళ్లు పోసి కడిగితే పోయినట్టే కనిపించి, ఆరగానే మళ్లీ ప్రత్యక్షమవుతాయి. చాలామంది దీన్ని ప్లాస్టిక్‌కు పట్టిన మరకగా భావించి బలంకొద్దీ రుద్దుతారు, లేదా చేతికందిన ద్రావకం పోస్తారు. ఆ తెలుపు ఎలా పుడుతుందో తెలుసుకుంటే ఈ రెండు పొరపాట్లూ తప్పుతాయి.

కారు పాలిష్‌లలో పేరున్న మైనం కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లోని సియారా, పియావీ వంటి రాష్ట్రాల్లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు, తన ఆకుల్లోని తడి ఎండకు ఆవిరైపోకుండా ఈ మైనాన్ని పూతగా తయారు చేసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపి ఆ పొడిని సేకరిస్తారు. దాదాపు 82 నుంచి 86 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే తప్ప కరగని ఈ గట్టి మైనాన్ని నేరుగా కారుకు పూయలేము. అందుకే పెట్రోలియం నుంచి వచ్చే తేలికపాటి ద్రావకాలు, నూనెలు, మెత్తటి మైనాలు కలిపి దాన్ని ముద్దగా చేస్తారు. మురికిని కూడా వదిలించే రకాల్లో అతి సన్నని బంకమన్ను వంటి రాపిడి పొడి ఉంటుంది. పూసిన కొద్దిసేపటికి ద్రావకం ఆవిరై, మైనమూ పొడీ పలుచని పొరగా మిగులుతాయి.

రంగుపై ఉండే పారదర్శకమైన పూత నునుపుగా ఉంటుంది కనుక ఆ పొర గుడ్డతో తేలికగా లేచి వస్తుంది. రంగు వేయని బంపర్ భాగాలు సాధారణంగా రబ్బరు కలిపిన పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో తయారవుతాయి. వాటిపై కావాలనే తోలులాంటి గరుకుతనం అచ్చు వేస్తారు. గుడ్డ ఆ గరుకులోని మిట్టల మీదుగా జారిపోతుందే కానీ పల్లాల్లోకి దిగదు. అక్షరాల చుట్టూ, రేకుల మధ్య ఉండే సన్నని సందులది మరో ఇబ్బంది. ద్రావకంతో పలుచగా ఉన్న మైనాన్ని సందు తనంతట తానే లోపలికి లాక్కుంటుంది. సందు ఎంత ఇరుకైతే ఆ కేశనాళికా ఆకర్షణ అంత బలంగా ఉంటుంది.

పల్లాల్లో ఎండిన ముద్దలో సూక్ష్మమైన మైనపు తునకలు, పొడి రేణువులు, వాటి మధ్య గాలి ఉంటాయి. కాంతిని ఒక పదార్థం ఎంతగా వంచుతుందో తెలిపే సంఖ్యను వక్రీభవన గుణకం అంటారు. గాలి గుణకం 1 కాగా మైనానిది 1.45 ప్రాంతంలో ఉంటుంది. ఈ తేడా వల్ల కాంతి ఒక పదార్థం నుంచి మరొకదానిలోకి వెళ్లే ప్రతిచోటా దారి మళ్లి, అన్ని దిక్కులకూ చెదిరి, మన కంటికి తెలుపుగా తోస్తుంది. గుణకం 1.33 ఉన్న నీరు ఆ గాలి ఖాళీలను నింపినప్పుడు తేడా తగ్గిపోయి, కాంతి అంతగా చెదరదు, కింది నలుపు కనిపిస్తుంది. ప్లాస్టిక్‌ను నల్లగా మెరిపించే నూనె పూతలూ చాలావరకు ఇదే పని చేస్తాయి. అందువల్ల శుభ్రపడిందో లేదో తడి మీద తేల్చుకోకూడదు. పూర్తిగా ఆరాకే చూడాలి.

అసలు పని మెత్తటి బ్రష్‌దే, ద్రావకం దానికి సాయం మాత్రమే అని నా అభిప్రాయం. గోరువెచ్చని నీటిలో కార్ షాంపూ కలిపి, పాత టూత్‌బ్రష్‌తో గరుకు ఎటు సాగితే అటు తోమితే, బ్రష్ పోగులు పల్లాల్లోకి దిగి ముద్దను కదిలిస్తాయి, సబ్బు అణువులు ఆ జిడ్డును చుట్టుముట్టి నీటిలోకి తెస్తాయి. పొడిగా ఉన్న మచ్చలను తెల్లటి పెన్సిల్ రబ్బరుతో రుద్దినా రబ్బరు తునకలకు అంటుకుని వచ్చేస్తాయి. అప్పటికీ మిగిలితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడవచ్చు. చల్లటి ఆల్కహాల్‌లో కార్నౌబా పెద్దగా కరగదు కానీ, దాన్ని పట్టి ఉంచిన నూనెలు సడలి ముద్ద విడిపోతుంది. అమెరికాలో కొందరు వేరుశనగ ముద్దను రుద్దే చిట్కా వెనుక ఉన్నదీ రసాయనశాస్త్రమే: నూనె మైనాన్ని మెత్తబరుస్తుంది. తరువాత ఆ నూనెను సబ్బుతో కడగకపోతే దాని మీద దుమ్ము పేరుకుంటుంది.

మైనాన్ని బాగా కరిగించేవి పెట్రోలియం ద్రావకాలే. ప్రమాదమూ అక్కడే ఉంది. మన దగ్గర కిరోసిన్‌తోనో పెట్రోల్‌తోనో తుడిచేసే అలవాటు ఇంకా ఉంది. కిటికీల చుట్టూ ఉండే బీడింగ్‌ను ఎక్కువగా ఈపీడీఎం అనే రబ్బరుతో చేస్తారు. ఎండనూ వాననూ ఏళ్ల తరబడి తట్టుకునే ఆ రబ్బరు, తన అణునిర్మాణానికి దగ్గరగా ఉండే హైడ్రోకార్బన్లను పీల్చుకుని ఉబ్బిపోతుంది. హెడ్‌లైట్లను కప్పే పాలీకార్బొనేట్ అనే పారదర్శక ప్లాస్టిక్‌పై పెట్రోల్, థిన్నర్ పడితే సన్నని పగుళ్లు రావచ్చు. థిన్నర్ రంగునూ దెబ్బతీస్తుంది. పెట్రోల్ ఆవిరికి నిప్పంటుకునే ముప్పు సరేసరి. సందుల్లో గడ్డకట్టిన మైనానికి వీటికన్నా హెయిర్ డ్రయర్ మేలు. నూనెలు కలిసిన ముద్ద 82 డిగ్రీలకు చాలా ముందే మెత్తబడుతుంది కనుక, చేతికి వెచ్చగా తగిలేంత వేడి చేసి, గుడ్డ చుట్టిన చెక్క పుల్లతో తీస్తే చాలు. ఇనుప మొన మాత్రం వాడకూడదు.

రోహిణి కార్తె ఎండలో, చెయ్యి పెట్టలేనంత కాలిన రేకు మీద మైనం పూస్తే ద్రావకం క్షణాల్లో ఎగిరిపోయి పొర బిగిసిపోతుంది. నీడలో పలుచగా పూయడం, ముందే ప్లాస్టిక్ అంచులకు మాస్కింగ్ టేప్ అంటించడం ఎంతో శ్రమను తప్పిస్తాయి.

ఇంత చేసినా తెలుపు పోకపోతే, అది ఎక్కడెక్కడ ఉందో గమనించాలి. మైనమైతే రంగు రేకును ఆనుకున్న అంచుల్లో, చేతి గుడ్డ తిరిగిన దారిలో, గీతల్లో గుమిగూడి ఉంటుంది. ఎండకు ఎదురుగా ఉన్న భాగమంతా ఒకే తీరున బూడిదరంగుకు తిరిగితే అది మైనం కాదు, ప్లాస్టిక్ పైపొరలోని అణుగొలుసులను అతినీలలోహిత కిరణాలు తెంచడం వల్ల ఏర్పడిన సూక్ష్మమైన పగుళ్లు. కాంతిని చెదరగొట్టడంలో అవీ మైనంలాగే ప్రవర్తిస్తాయి కానీ, ఏ ద్రావకమూ వాటిని తొలగించలేదు. ఆ పగుళ్లను నింపే ట్రిమ్ పూత వేయడమో, ఆ భాగాన్ని మార్చడమో చేయవలసి ఉంటుంది.