ఎగరకముందే ఆర్డరిచ్చిన బాంబర్: బి-29 వెనుక కథ

బి-29 అనగానే మనకు హిరోషిమా గుర్తొస్తుంది. అణుబాంబు తయారీకి అమెరికా పెట్టిన ఖర్చు కన్నా, దాన్ని మోసుకెళ్లిన ఈ విమానం మీద పెట్టిన ఖర్చే ఎక్కువ. సుమారు 300 కోట్ల డాలర్లు. డబ్బుతో పాటు ప్రాణాలూ పోయాయి. అందుకు తొందరపాటే పెద్ద కారణమని నేను అనుకుంటాను.

1940 జనవరిలో, ఇంకా యుద్ధంలోకి దిగకముందే, 8 వేల కిలోమీటర్లకు పైగా ఎగరగల బాంబర్ కావాలని అమెరికా సైన్యం కంపెనీలను అడిగింది. బోయింగ్ డిజైన్ నెగ్గింది. 1942 సెప్టెంబర్ 21న మొదటి నమూనా సియాటెల్‌లో గాల్లోకి లేచేనాటికే వెయ్యికి పైగా విమానాలకు ఆర్డర్లు ఇచ్చేశారు.

చిక్కంతా ఇంజిన్‌తోనే వచ్చింది. రైట్ కంపెనీ చేసిన ఆ ఆర్-3350 ఇంజిన్‌లో 18 సిలిండర్లు, తొమ్మిదేసి చొప్పున రెండు వరుసలు. ముందు వరుసను దాటేసరికే గాలి వేడెక్కిపోవడంతో వెనక వరుస సరిగా చల్లబడేది కాదు. ఇంజిన్ తొడుగు చుట్టూ ఉన్న రేకులు తెరిస్తే గాలి తాకిడి పెరిగి విమానం వేగం అందుకోదు, మూస్తే ఇంజిన్ మాడిపోతుంది. పైగా బరువు తగ్గించడానికి మెగ్నీషియం వాడారు. అది ఒకసారి అంటుకుంటే ఆర్పడం ఎవరి తరమూ కాదు. 1943 ఫిబ్రవరి 18న రెండో నమూనా మంటల్లో చిక్కుకుని సియాటెల్‌లోని ఒక మాంసం ఫ్యాక్టరీ మీద కూలింది. టెస్ట్ పైలట్ ఎడ్డీ అలెన్‌తో సహా విమానంలోని 11 మందీ చనిపోయారు. ఫ్యాక్టరీ కార్మికులూ బలయ్యారు.

అయినా తయారీ ఆగలేదు. 1944 మార్చిలో అమెరికా సైనిక వైమానిక దళాల అధిపతి జనరల్ ఆర్నాల్డ్ అమెరికాలోని కాన్సస్ వెళ్లి చూస్తే, బయల్దేరడానికి సిద్ధంగా ఒక్క విమానమూ లేదు. మెకానిక్‌లు ఆరుబయట మంచులో నిలబడి మార్పులు పూర్తి చేశారు.

అక్కడి నుంచి అవి వచ్చింది మన దేశానికే. బెంగాల్ కరువుతో అల్లాడుతున్న 1943లోనే ఖరగ్‌పూర్ చుట్టుపక్కల వాటికోసం రన్‌వేల పని మొదలైంది. రైల్వే ఉద్యోగాలకు వెళ్లిన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఊరది. 1931లో బ్రిటిష్ ప్రభుత్వ పోలీసులు నిరాయుధ ఖైదీల మీద కాల్పులు జరిపిన, అక్కడి హిజ్లీ నిర్బంధ శిబిరమే ఈ బాంబర్ దళానికి ప్రధాన కార్యాలయమైంది. ఇప్పుడా భవనం ఐఐటీ ఆవరణలో ఉంది. మన ఎండలకు ఆ ఇంజిన్లు మరింత సతాయించాయి. జపాన్ మీదికి వెళ్లాలంటే చైనాలోని చెంగ్డూలో దిగి బయల్దేరాలి. అక్కడికి కావాల్సిన పెట్రోల్‌నంతా హిమాలయాల మీదుగా విమానాల్లోనే మోయాలి. అంత కష్టపడి 1944 జూన్ 15 రాత్రి జపాన్‌లోని యవాటా ఉక్కు కర్మాగారం మీద దాడి చేస్తే, జరిగిన నష్టం నామమాత్రం.

జపాన్‌కు నేరుగా వెళ్లగలిగే దూరంలో, పసిఫిక్ సముద్రంలో ఉన్న మరియానా దీవులు చేతికొచ్చాక బెంగాల్ స్థావరాల అవసరం తీరింది. ఆ దీవుల్లో బి-29 దళాన్ని నడిపిన జనరల్ లీమే, ఎత్తులో ఎగిరి గురిచూసి కొట్టే పద్ధతినే పక్కనపెట్టాడు. ఎత్తు తగ్గిస్తే ఇంజిన్ల మీద భారం తగ్గుతుంది, విమానం ఎక్కువ బాంబులు మోయగలదు. 1945 మార్చి 9 రాత్రి నుంచి తెల్లవారేలోగా టోక్యోలో చెక్క ఇళ్ల మీద నిప్పు బాంబులు కురిశాయి. సుమారు లక్ష మంది చనిపోయారు. వాళ్లలో అత్యధికులు మామూలు జనం. హిరోషిమాకు ఇంకా ఐదు నెలలుంది.