నడుముకు స్క్రూలు: తగవు మొదలైంది కొలత దగ్గర

తిరుపతిలో నడుము ఆపరేషన్‌కు తేదీ తీసుకున్న కుటుంబాల్లో పాత వాదం మళ్లీ రాజుకుంది. వెన్నుపూసలను కలిపి బిగించే టైటానియం స్క్రూలు, రాడ్లు అందరికీ అవసరమేనా? స్విమ్స్‌లో చూపించుకుని రెండో సలహాకు వేలూరు వెళ్లడం చిత్తూరు వాసులకు అలవాటే. ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెబితే రోగికి దిక్కుతోచదు.

ప్రమాదంలో వెన్ను విరిగినా, క్షయ పూసను తినేసినా, పిల్లల వెన్ను వంకర తిరిగినా స్క్రూలపై పెద్ద తగవు లేదు. వివాదమంతా అరుగుదలతో వచ్చే నొప్పి గురించే. దాన్ని అర్థం చేసుకోవాలంటే 1997కు వెళ్లాలి.

ఆ ఏడాది అమెరికాలో సర్జన్ ఫిష్‌గ్రండ్ బృందం, పూస జారి నరాల దారి ఇరుకైన రోగులను రెండు గుంపులు చేసింది. అందరికీ పూసలు అతుక్కునేలా ఎముక ముక్కలు పెట్టి (ఎముక అంటు వేసి), ఒక గుంపుకే స్క్రూలు బిగించింది. రెండేళ్లకు స్క్రూలున్నవారిలో 82 శాతం మందికి ఎముక గట్టిగా అతికింది, లేనివారిలో 45 శాతానికే. కానీ ఉపశమనం బాగుందన్నవారు మొదటి గుంపులో 76 శాతం, రెండో గుంపులో 85 శాతం. గణాంకపరంగా ఈ రెంటికీ తేడా లేదు. అంటే ఎక్స్‌రేలో కనిపించిన మేలు రోగి నడుముకు అందలేదు. అదే ఏడాది 130 మందిపై వెలువడిన డెన్మార్క్ అధ్యయనంలోనూ స్క్రూల వల్ల రోజువారీ పనుల్లో అదనపు మెరుగు కనిపించలేదు.

అయినా 1998 జూలైలో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, కొన్ని జబ్బులకు ఈ స్క్రూలను నియంత్రణ కఠినంగా ఉండే మూడో తరగతి నుంచి అంత కఠినం కాని రెండో తరగతికి దించింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. నొప్పి తగ్గిందా అన్న ప్రశ్న వెనక్కి పోయి, ఎముక అతికిందా అన్నదే కొలతగా నిలిచింది.

అంతకుముందు కథ మరీ బాధాకరం. వెన్ను స్క్రూలు అమ్ముకోవడానికి ఆక్రోమెడ్ కంపెనీ ఎఫ్‌డీఏకు పెట్టిన దరఖాస్తులు 1984, 1985లలో నెగ్గలేదు. 1986లో అవే పరికరాలను విడదీసి, చేతులు, కాళ్ల పొడవాటి ఎముకలకని చూపించి అనుమతి తెచ్చుకున్నారు. అవి వెన్నులోకి చేరాయి. రోగులు కోర్టుకెక్కితే 1996లో ఆ కంపెనీ 10 కోట్ల డాలర్లకు రాజీపడింది.

అతుకు గట్టిపడితే దీర్ఘకాలంలో మేలన్నది సర్జన్ల వాదన. 2004 నాటి అధ్యయనం అందుకు ఆధారం: అతికినవారిలో 86 శాతం, అతకనివారిలో 56 శాతం బాగున్నారు. అయితే ఆ రోగుల్లో ఎవరికీ స్క్రూలు వేయలేదు.

2016లో స్వీడన్‌లో 247 మందిపై జరిగిన పరీక్ష ఇంకా ముందుకు వెళ్లింది. నరాల మీద ఒత్తిడి తీసేయడంతో సరిపెట్టినవారూ, దానితోపాటు పూసలు కలిపించుకున్నవారూ రెండేళ్లకు ఒకేలా ఉన్నారు. అదే సమయంలో వచ్చిన చిన్న అమెరికా అధ్యయనం మాత్రం కలపడానికే కొంత మొగ్గు చూపింది.

మన దేశంలో 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకు, ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర కట్టారు. వెన్ను స్క్రూలు ఆ జాబితాలో లేవు. రెండు పూసలు కలపడానికి సాధారణంగా నాలుగు స్క్రూలు, మూడింటికి ఆరు పడతాయి. సొంత డబ్బుతో చేయించుకునేవారికి బిల్లు ఆ లెక్కనే పెరుగుతుంది. ఒత్తిడి తీస్తే సరిపోదా అని వాళ్లు డాక్టరును అడుగుతున్నది అందుకే.